పనిలో మాటకు కట్టుబాటు ఏదీ?

1996 నవంబర్ 12 సాయంత్రం ఢిల్లీకి పశ్చిమాన, హర్యానాలోని చర్ఖీ దాద్రి పొలాలపై రెండు విమానాలు ఆకాశంలోనే ఢీకొన్నాయి. సౌదీ అరేబియాకు చెందిన బోయింగ్ 747 ఢిల్లీ నుంచి అప్పుడే బయలుదేరి పైకి లేస్తోంది. కజకిస్థాన్‌కు చెందిన ఇల్యూషిన్ 76 ఢిల్లీలో దిగడానికి కిందికి వస్తోంది. మొదటి దానిలో 312 మంది, రెండో దానిలో 37 మంది, మొత్తం 349 మంది మరణించారు. రెండు విమానాలు గగనతలంలో ఢీకొన్న సంఘటనలలో ఇంతటి ప్రాణనష్టం ప్రపంచంలో మరెక్కడా జరగలేదు. ఆ రోజు తుపాను లేదు, యుద్ధం లేదు. ఇంజను చెడిపోయిన దాఖలా కూడా లేదు. ఒకరు చెప్పిన మాట మరొకరికి చేరవలసిన రీతిలో చేరకపోవడం ఆ దుర్ఘటనకు దారితీసిన కారణాలలో ఒకటిగా విచారణలో తేలింది.

ఈ దేశంలో భాషను గురించి జరిగినంత చర్చ మరే విషయం గురించీ జరగలేదంటే అతిశయోక్తి కాదు. రాష్ట్రాలు భాష ప్రాతిపదికన ఏర్పడ్డాయి, ఉద్యమాలు భాష పేరిట సాగాయి, ప్రభుత్వాలు భాష వల్ల ఇరుకున పడ్డాయి. కాని పనిచేసే చోట మనిషికీ మనిషికీ మధ్య నడిచే మాట ఎలా ఉండాలి, దానికి కట్టుబాటు ఏమిటి, దానిని ఎవరు నేర్పాలి అన్న ప్రశ్నకు మాత్రం దక్కవలసిన ప్రాధాన్యం దక్కలేదు. రైలు నడిపేవారు, విమానాలకు దారి చూపేవారు, రోగికి మందు ఎక్కించేవారు, కరెంటు స్తంభం ఎక్కేవారు మాట మీద ఆధారపడే పనిచేస్తారు. అక్కడ మాట తడబడితే వ్యాకరణ దోషంతో సరిపోదు, ప్రాణం పోతుంది.

మూడు అంకెల చిక్కు

చర్ఖీ దాద్రి సంఘటన వివరాలు ఇప్పటికీ గమనించదగినవి. పైకి వెళ్తున్న సౌదీ విమానం 14 వేల అడుగుల ఎత్తు దాటరాదు. కిందికి వస్తున్న కజక్ విమానం 15 వేల అడుగుల కంటే దిగరాదు. రెంటి మధ్య వెయ్యి అడుగుల ఎడం ఉండాలన్నది నియంత్రణాధికారి ఆదేశం. ఆనాడు ఢిల్లీ విమానాశ్రయంలో ఉన్న రాడార్ విమానం ఎక్కడ ఉందో చూపగలదు గాని, ఎంత ఎత్తున ఉందో చూపలేదు. ఎత్తు తెలియాలంటే విమానంలోని వారు నోటితో చెప్పాలి. అంటే ఆ వెయ్యి అడుగుల ఎడాన్ని కాపాడవలసినది కేవలం ఇరువైపుల మాట మాత్రమే.

వైమానిక పరిభాషలో 15 వేల అడుగులను 150 అని, 14 వేల అడుగులను 140 అని చెప్పడం పరిపాటి. ఎదురుగా సౌదీ విమానం వస్తున్నదని, 150 వద్దనే ఉండాలని అధికారి కజక్ సిబ్బందికి సూచించారు. అది ఎన్ని మైళ్ళ దూరంలో ఉందని వారు తిరిగి అడిగారు. 14 మైళ్ళని సమాధానం వచ్చింది. మరికొద్ది క్షణాలకు ఆ విమానం 13 మైళ్ళ దూరంలో, 140 స్థాయిలో ఉన్నదని అధికారి చెప్పారు. తమ ఎత్తు 150, ఎదుటి విమానం ఎత్తు 140, దూరం 14. ఈ మూడు అంకెలూ కొద్ది సెకన్ల వ్యవధిలో, ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చిన చెవులలో పడ్డాయి. కజక్ విమానం 15 వేల అడుగుల వద్ద ఆగలేదు, ఇంకా దిగింది.

విచారణ జరిపిన జస్టిస్ రమేశ్ చంద్ర లాహోటీ కమిషన్, అనుమతి లేకుండా 14 వేల అడుగులకు దిగడమే ప్రమాదానికి మూలకారణమని నిర్ధారించింది. కజక్ పైలట్‌కు ఇంగ్లీషు పరిజ్ఞానం చాలకపోవడం వల్ల ఆదేశాలకు విపరీతార్థం తీసుకోవడం, విమానంలోని సిబ్బంది మధ్య సమన్వయం కొరవడటం అందుకు దోహదం చేశాయని పేర్కొంది. రేడియోలో మాట్లాడే వ్యక్తి వేరు, విమానం నడిపే వ్యక్తి వేరు. మాట్లాడే వ్యక్తి ఎదుట ఎత్తు చూపే పరికరమే లేదు. సోవియట్ పద్ధతిలో శిక్షణ పొందినవారికి ఎత్తును మీటర్లలో లెక్కించడమే అలవాటు. పరాయి భాషకు పరాయి కొలత తోడైంది. అధికారి చెప్పిన మాటలో తప్పు లేదు, కాని అది ఎదుటివారి మనసులో ఏ అర్థంతో నాటుకున్నదో తెలుసుకునే మార్గం లేకపోయింది.

ఆ తరువాత పరికరాలు మారాయి. ఎత్తును కూడా చూపే రాడార్ వచ్చింది. ఢిల్లీకి వచ్చే విమానాలకు, పోయే విమానాలకు దారులు వేరుచేశారు. ఢీకొనే ప్రమాదాన్ని ముందే హెచ్చరించే పరికరం తప్పనిసరి అయింది. భాష విషయంలోనూ ప్రపంచం ఆలస్యంగానైనా మేల్కొంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2003లో భాషా ప్రావీణ్య నిబంధనలను ఆమోదించి, 2008 మార్చి నుంచి వర్తింపజేసింది. పైలట్లు, నియంత్రణాధికారులు ఆరు స్థాయిలలో కనీసం నాలుగో స్థాయిని అందుకుంటే తప్ప అంతర్జాతీయ విధులకు అర్హులు కారు. ఈ క్రమశిక్షణ వెనుక చర్ఖీ దాద్రి వంటి దుర్ఘటనల నెత్తుటి మరకలు ఉన్నాయి.

ఇంగ్లీషు రావడం వేరు, పని భాష వేరు

అయితే అందరికీ ఇంగ్లీషు నేర్పితే సమస్య తీరిపోతుందా? తీరదని 1977లోనే రుజువైంది. ఆ ఏడాది మార్చి 27న స్పెయిన్‌కు చెందిన కానరీ దీవులలోని టెనెరీఫ్ విమానాశ్రయంలో రన్‌వే పైనే రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది మరణించారు. అక్కడ మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. ఒకటి డచ్ విమానం, మరొకటి అమెరికన్ విమానం. ఇంగ్లీషు రాదని ఆ పైలట్లను ఎవరూ అనలేరు. టేకాఫ్ దశలో ఉన్నామని డచ్ సిబ్బంది చెప్పిన మాటను అధికారి బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నారని అర్థం చేసుకున్నారు. వారు అప్పటికే విమానాన్ని పరుగు తీయిస్తున్నారు. అధికారి నోట వచ్చిన ఓకే అన్న ఒక్క మాట అనుమతిలా ధ్వనించింది. ఆగమన్న తరువాతి మాట రేడియో గరగరలో కలిసిపోయింది. నాటి నుంచి టేకాఫ్ అన్న పదాన్ని అనుమతి ఇచ్చేటప్పుడు, ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడు మాత్రమే వాడాలని, మిగతా సందర్భాలలో వేరే పదం వాడాలని కట్టడి చేశారు.

ఇక్కడ గ్రహించవలసిన సూక్ష్మం ఉంది. పని భాష అంటే ఇంగ్లీషో, హిందీయో, తెలుగో కాదు. కొద్దిపాటి మాటలను ఏరి, ఒక్కొక్క మాటకు ఒకే అర్థాన్ని నిలిపి, ఆ అర్థాన్ని పనిలో ఉన్న అందరూ అంగీకరించి, విన్నవారు విన్నదానిని తిరిగి చెప్పి ధ్రువపరచే పద్ధతి అది. సాహిత్యంలో ఒక పదానికి పది అర్థాలు ఉండటం శోభ. పనిలో రెండు అర్థాలు ఉండటం ప్రమాదం. అంతర్జాతీయ విమానయాన నిబంధనలు సైతం ఇంగ్లీషును మాత్రమే మాట్లాడాలని శాసించలేదు. నేల మీది కేంద్రం మామూలుగా వాడే భాషలో మాట్లాడవచ్చు, కాని కోరినప్పుడు ఇంగ్లీషు అందుబాటులో ఉండాలి అన్నదే నియమం. భాష ఏదైనా కట్టుబాటు ఉండి తీరాలన్నది దాని ఆంతర్యం.

తెలుగువారికి సుపరిచితమైన ఉదాహరణ ఒకటి ఉంది. లైన్ క్లియర్ అన్న మాట రైల్వేలోనూ ఉంది, విద్యుత్ శాఖలోనూ ఉంది. రైల్వేలో ఒక స్టేషన్ మాస్టర్ మరొకరికి లైన్ క్లియర్ ఇచ్చారంటే దారి ఖాళీగా ఉంది, రైలును పంపవచ్చునని అర్థం. విద్యుత్ శాఖలో లైన్‌మన్ ఎల్‌సి తీసుకున్నాడంటే ఆ తీగలో సరఫరా ఆపివేశారు, మనిషి స్తంభం ఎక్కవచ్చునని అర్థం. ఒకచోట ఆ మాటతో బండి కదులుతుంది, మరొకచోట అదే మాటతో కరెంటు ఆగుతుంది. నిఘంటువు ఈ తేడాను చెప్పజాలదు. ఆ వృత్తిలో ఉన్నవారు తరతరాలుగా ఆ మాటకు ఇచ్చుకున్న అర్థమే దానికి ప్రాణం. ఏ ఫీడర్‌కు ఎల్‌సి ఇచ్చారు, ఎవరి పేరిట ఇచ్చారు, పని ముగిసిందని ఎవరు చెప్పాక సరఫరా పునరుద్ధరించాలి అన్న ప్రశ్నలలో ఏ ఒక్కదానికి జవాబు తప్పినా స్తంభం మీది మనిషి దిగి రాడు.

వివాదంలో మరుగున పడిన ప్రశ్న

ఇంత సున్నితమైన విషయాన్ని అధికార యంత్రాంగం ఎలా పరిష్కరించబోయిందో రెండు సంఘటనలు చాటుతున్నాయి. 2019 మే నెలలో తమిళనాడులోని మదురై సమీపంలో ఒకే మార్గంలోకి ఎదురెదురుగా రెండు రైళ్ళకు అనుమతి లభించింది. అదృష్టవశాత్తు ప్రమాదం తప్పింది. ఇద్దరు స్టేషన్ మాస్టర్ల సంభాషణలో ఒకరి మాట మరొకరికి అర్థం కాకపోవడమే కారణమని వార్తలు వచ్చాయి. జూన్‌లో దక్షిణ రైల్వే ఒక ఉత్తర్వు జారీ చేసింది. కంట్రోల్ కార్యాలయం, స్టేషన్ మాస్టర్లు హిందీలో గాని, ఇంగ్లీషులో గాని మాట్లాడుకోవాలి, ప్రాంతీయ భాషను పరిహరించాలి అన్నది దాని సారాంశం. తమిళనాడు భగ్గుమన్నది. ప్రతిపక్షాలు ఆందోళనకు దిగాయి. రెండు రోజులు తిరగకముందే రైల్వే వెనక్కు తగ్గింది.

రెండేళ్ళ తరువాత, 2021 జూన్‌లో, ఢిల్లీలోని గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి నర్సులు మలయాళంలో మాట్లాడరాదని, హిందీ లేదా ఇంగ్లీషు మాత్రమే వాడాలని ఉత్తర్వు వెలువడింది. రోగులకు, సహోద్యోగులకు ఆ భాష తెలియక ఇబ్బంది కలుగుతున్నదన్నది అందులో చెప్పిన కారణం. దేశమంతటా ఆసుపత్రులను నిలబెడుతున్న కేరళ నర్సులకు అది అవమానంగా తోచడంలో ఆశ్చర్యం లేదు. నిరసనలు పెల్లుబికాయి. మరునాడే ఉత్తర్వు రద్దయింది.

రెండు చోట్లా ఉత్తర్వులు పోయాయి. మరి వాటికి మూలమైన సమస్య పోయిందా? ఎంతమాత్రం పోలేదు. తల్లిభాషను నిషేధించడం అన్యాయమని ఉద్యమించినవారి వాదన సమంజసమే. కాని మదురై వద్ద ఆ రెండు రైళ్ళలోని ప్రయాణికుల ప్రాణాల మాటేమిటని అడిగినవారు అరుదు. అధికారులు సమస్యను భాషల మధ్య ఎంపికగా మార్చి చేతులు దులుపుకున్నారు. ఆందోళనకారులు దానిని భాషల మధ్య పోరుగా మార్చి విజయం ప్రకటించుకున్నారు. నిజానికి అక్కడ కావలసినది ఏ పదం పలికితే ఏ చర్య జరగాలన్న స్పష్టమైన ఒప్పందం. భోజన విరామంలో నర్సులు మలయాళంలో మాట్లాడుకుంటే ఎవరికీ నష్టం లేదు. రోగి మంచం పక్కన డ్యూటీ మారేటప్పుడు ఒకరు మరొకరికి అప్పజెప్పే నాలుగు మాటలు ఇద్దరికీ ఒకే అర్థంలో తెలిసి ఉండాలి. ఈ రెంటినీ వేరుచేసి చూడగల విజ్ఞత ఆ ఉత్తర్వులలో లోపించింది.

తెలుగు రాష్ట్రాలకు ఈ చర్చ దూరమైనది కాదు. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలో మరాఠీ మాట్లాడే నాందేడ్ ప్రాంతమూ భాగమే. గుంతకల్లు వైపు కన్నడం, వాల్తేరు వైపు ఒడియా వినిపిస్తాయి. ఉద్యోగాల పరీక్షలు రాసి బీహారు, ఉత్తరప్రదేశ్ యువకులు ఇక్కడ చేరుతున్నారు. ఇక్కడివారు అక్కడికి వెళ్తున్నారు. ఇది దేశానికి మేలే. కాని పట్టాల మీద పనిచేసే ట్రాక్‌మన్‌కు, కేబిన్‌లోని స్టేషన్ మాస్టర్‌కు, ఇంజనులోని లోకో పైలట్‌కు ముగ్గురికీ మూడు భాషలైనప్పుడు వారిని కలిపే నాలుగో భాష పని భాషే కావాలి.

ఒకే కాగితం, వేర్వేరు వేగాలు

పని భాష అంటే నోటి మాట మాత్రమే కాదు, రాతపూర్వక ఉత్తర్వు కూడా. అందులో అస్పష్టత ఎంత చేటు తెస్తుందో 2024 జూన్ 17న పశ్చిమ బెంగాల్‌లోని న్యూ జల్పాయిగురి సమీపాన రంగాపాని వద్ద తేలింది. ఆ ఉదయం ఆటోమేటిక్ సిగ్నల్ వ్యవస్థ చెడిపోయింది. ఎర్రదీపాలను దాటి వెళ్ళడానికి అనుమతిస్తూ రైళ్ళ సిబ్బందికి టి/ఎ 912 అనే పత్రాన్ని అందజేశారు. కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్ ఆ మార్గంలో వెళ్తుండగా, వెనుకనుంచి వచ్చిన గూడ్స్ రైలు దానిని ఢీకొన్నది. గూడ్స్ లోకో పైలట్ సహా పలువురు ప్రాణాలు కోల్పోయారు.

సంఘటన జరిగిన వెంటనే గూడ్స్ డ్రైవరు నిబంధనలు ఉల్లంఘించాడన్న మాట ఉన్నతస్థాయి నుంచి వినవచ్చింది. చనిపోయిన మనిషి జవాబు చెప్పలేడు. రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో బయటపడినది మరొక చిత్రం. ఆ పరిస్థితికి తగిన పత్రం అది కాదు. ఇచ్చిన పత్రంలో ఎంత వేగంతో వెళ్ళాలో రాయలేదు. ఆ రెండు రైళ్ళు కాక అంతకుముందు మరి 5 రైళ్ళు అదే పత్రంతో అదే దారిలో వెళ్ళాయి. చెడిపోయిన ప్రతి సిగ్నల్ వద్ద నిమిషం ఆగి, గంటకు 15 కిలోమీటర్లకు మించకుండా నడిచినది ఒక్క కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్సే. తక్కిన 6 రైళ్ళూ, ప్రమాదంలో ఉన్న గూడ్స్ రైలు సహా, అలా నడవలేదు. సిబ్బందికి తగిన అవగాహన కల్పించలేదని కమిషనర్ తప్పుపట్టారు.

ఈ వాస్తవం యావత్ యంత్రాంగం కళ్ళు తెరిపించాలి. 7 రైళ్ళలో 6 ఒకే విధంగా పొరబడినప్పుడు, దానిని ఆరుగురు డ్రైవర్ల అవిధేయత అనడం న్యాయం కాదు. ఆ కాగితం ఏమి చెబుతున్నదో తమకు తెలుసునని వారందరూ అనుకున్నారు. రాసినవారి మనసులో ఉన్న అర్థం వేరు, చదివినవారికి తోచిన అర్థం వేరు. నియమం పాటించిన రైలే వెనుకనుంచి దెబ్బ తిన్నదంటే అంతకంటే విషాదం ఏముంటుంది? ఒకే మాటకు రెండు అర్థాలున్నచోట సరైన అర్థం తెలిసినవాడికి కూడా రక్షణ లేదని ఆ ప్రమాదం చాటింది.

ఇటువంటి దుర్ఘటనల తరువాత ప్రభుత్వాలు కవచ్ వంటి యంత్ర వ్యవస్థలను గురించి ప్రకటనలు చేస్తాయి. అవి అవసరమే, ఆలస్యం చేయడం తగదు. అయితే యంత్రం మొరాయించినప్పుడు, సిగ్నల్ ఆరిపోయినప్పుడు, బాధ్యత తిరిగి మనుషుల మాట మీదకు, కాగితం మీదకు వస్తుంది. రంగాపాని వద్ద జరిగింది అదే. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు అంతగా అవసరం పడని పని భాష, అన్నీ చెడినప్పుడు ఏకైక ఆధారమవుతుంది. ఆ ఆధారానికి ఖర్చు పెట్టే విషయంలో పొదుపు పాటించడం దూరదృష్టి కాదు.

ఆసుపత్రి నుంచి అంగడి దాకా

వైద్యరంగంలోనూ ఇదే పరిస్థితి. మధుమేహ రోగులకు మన దేశంలో ఇన్సులిన్ రెండు గాఢతలలో దొరుకుతుంది. సీసాలలో వచ్చేది సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్నులలో వాడేది 100 యూనిట్లు. సిరంజిలు కూడా దేనికి దానికి వేరు. 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజిలోకి తీస్తే రోగికి చెప్పినదానికి రెండున్నర రెట్లు ఎక్కువ మందు చేరుతుంది. యూనిట్ అని పూర్తిగా రాయడానికి బద్ధకించి ఇంగ్లీషులో తొలి అక్షరం మాత్రమే గిలికితే అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అయ్యే ప్రమాదం ఉంది. మందుల చీటీలు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో రాయాలని 2016లో భారత వైద్య మండలి నిబంధన చేసింది. ఆనాటి మండలి స్థానంలో తరువాత వేరే సంస్థ వచ్చింది గాని, చదవలేని చీటీలు మాత్రం కనుమరుగు కాలేదు. చీటీ రాసే చేయి వైద్యునిది. ప్రాణం రోగిది. మధ్యన ఊహించి మందు ఇచ్చే కుర్రవాడు మందుల దుకాణంలో ఉంటాడు.

ఆర్థిక జీవితంలో పని భాష ఏమి సాధించగలదో ఈ దేశం ఒకసారి అనుభవంలో చూసింది. ఒకప్పుడు మద్రాసు మణుగు అంటే 8 వీశెలు, సుమారు 11 కిలోలు. బెంగాల్ మణుగు అంటే 40 సేర్లు, 37 కిలోలకు పైమాట. ఒకే పేరుతో మూడింతల తేడా. అక్కడి వర్తకునికి ఇక్కడి రైతు సరుకు అమ్మాలంటే దళారి నాలుకే కొలబద్ద. 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణేలు వచ్చాయి. తొలి రోజులలో జనం గొణిగారు, వర్తకులు తికమకపడ్డారు. అయినా ప్రభుత్వం వెనుదీయలేదు. నేడు కిలో అంటే కాశ్మీరులోనూ కిలోయే, కన్యాకుమారిలోనూ కిలోయే. 1972 ఆగస్టు 15న ప్రారంభమైన పిన్ కోడ్ కూడా అటువంటిదే. ఏ లిపిలో చిరునామా రాసినా, ఒకే పేరున్న ఊళ్ళు ఎన్ని ఉన్నా, 6 అంకెలు ఉత్తరాన్ని గమ్యం చేరుస్తాయి. ఏ భాషనూ కించపరచకుండా, అన్ని భాషలవారికీ పనికివచ్చే ఉమ్మడి మాటను నిర్మించవచ్చునని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

అయితే ఆ పని సంపూర్ణం కాలేదు. కోస్తా రైతు భూమిని సెంట్లలో చెబుతాడు, తెలంగాణ రైతు గుంటలలో చెబుతాడు. ఎకరానికి 100 సెంట్లు, 40 గుంటలు. ఒకరి అడంగల్ మరొకరి పహాణీ. స్థానికంగా ఇవి బతికి ఉండటంలో తప్పులేదు. హైదరాబాద్‌లో బ్యాంకు అధికారి, విజయవాడలో కొనుగోలుదారు ఒకే దస్తావేజును చూసి ఒకే విస్తీర్ణం చెప్పగలగాలి. లేకపోతే ఆ సందులో మోసం చొరబడుతుంది.

చిత్తమనే అలవాటు

పని భాషకు మన దేశంలో ఉన్న పెద్ద శత్రువు భాషల వైవిధ్యం కాదు, అంతస్తుల తేడా. పైవాడు చెప్పినది అర్థం కాలేదని కిందివాడు చెప్పడం మన కార్యాలయాలలో, కర్మాగారాలలో ఇప్పటికీ సాహసకార్యమే. సరే సార్ అన్న మాటకు అర్థమైంది అని కాక, విన్నాను అని మాత్రమే అర్థం. పూర్వం చిత్తం అనేవారు, ఇప్పుడు సార్ అంటున్నారు. విన్నదానిని తిరిగి చెప్పమంటే తమ తెలివిని శంకించినట్టు కిందివారు నొచ్చుకుంటారు. తిరిగి చెప్పబోతే తమ మాటకు ఎదురు చెబుతున్నట్టు పైవారు కసురుకుంటారు. విమానం నడిపే కెప్టెన్ సైతం నియంత్రణాధికారి ఆదేశాన్ని అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పవలసిందే. అది అతనికి చిన్నతనం కాదు, వృత్తి ధర్మం. ఈ మర్యాద మన పనిచోట్లకు ఇంకా దిగిరాలేదు.

దీని భారం ఎక్కువగా పడుతున్నది వలస కూలీల మీద, కాంట్రాక్టు కార్మికుల మీద. విశాఖ పారిశ్రామిక ప్రాంతంలో గాని, హైదరాబాద్ శివారు ఔషధ కర్మాగారాలలో గాని, నిర్మాణ స్థలాలలో గాని ఒడిశా, బీహార్, జార్ఖండ్, బెంగాల్ కార్మికులు కనిపిస్తారు. 1948 నాటి కర్మాగారాల చట్టం 108వ సెక్షన్ నోటీసులను ఇంగ్లీషులోను, కార్మికులలో అధిక సంఖ్యాకులకు తెలిసిన భాషలోను ప్రదర్శించాలని నిర్దేశించింది. ఆ చట్టం చేసిననాడు అది ప్రగతిశీలమైన నిబంధన. కాని అధిక సంఖ్యాకులలో చేరని పదిమంది రియాక్టరు పక్కన పనిచేస్తుంటే వారి సంగతేమిటి? విషవాయువుకు అధిక సంఖ్యాకులు, అల్ప సంఖ్యాకులు అన్న భేదం లేదు. తెరవరాదు అన్న మాట తెలియనివాడు ఒక్కడు చాలు, తెలిసిన వందమందినీ ప్రమాదంలోకి నెట్టడానికి.

ఉమ్మడి సంకేతం ఉండటం మాత్రమే చాలదు, దానిని వాడే అలవాటు కూడా ఉండాలి. 2020 మే 7 వేకువజామున విశాఖపట్నం శివారులోని ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి వెలువడి జనం నిద్రలోనే ఉక్కిరిబిక్కిరి అయ్యారు, ప్రాణాలు పోయాయి. ప్రమాద సూచక సైరన్ మోగించే ఏర్పాటు ఆ కర్మాగారంలో పలుచోట్ల ఉన్నా ఎవరూ మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. సైరన్ అన్నది చదువు రానివారికి కూడా అర్థమయ్యే భాష. అది వినిపిస్తే ఎటు పరుగెత్తాలో ఊరికి ముందుగా నేర్పి ఉండాలి, దానిని మోగించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదని కార్మికునికి తెలిసి ఉండాలి. ఈ రెండూ లేనిచోట సైరన్ గోడకు వేలాడే అలంకారమే.

పరిభాష ఎవరి కోసం?

ఉమ్మడి పరిభాష మీద ఒక ఆక్షేపణ ఉంది. అది వృత్తులవారు తమ చుట్టూ కట్టుకునే గోడ అని, సామాన్యుని బయట నిలబెట్టే సాధనమని విమర్శకులు అంటారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. బీమా పత్రంలోని షరతులు, బ్యాంకు రుణపత్రంలోని పదాలు, కోర్టు కాగితంలోని వాక్యాలు సామాన్యునికి కొరుకుడుపడవు. కొన్ని సందర్భాలలో కొరుకుడుపడకూడదనే అలా రాస్తారన్న అనుమానమూ కలుగుతుంది. కాని ఈ రెంటికీ తేడా ఉంది. పనిచేసేవారి మధ్య సందేహం లేకుండా చేయడానికి పుట్టిన మాట పరిభాష. పనిచేయించుకునేవారికి సందేహం తీరకుండా చేయడానికి వాడే మాట మాయ. స్టేషన్ మాస్టర్ల మాట ప్రయాణికునికి అర్థం కాకపోయినా ప్రమాదం లేదు, ఆ ఇద్దరికీ అర్థమైతే చాలు. వైద్యుడు నర్సుతో తన పరిభాషలో మాట్లాడవచ్చు, రోగితో మాత్రం రోగి భాషలోనే మాట్లాడాలి.

మరొక పెడధోరణి కూడా ఉంది. పరిభాష కల్పన అనగానే పండితుల సంఘాన్ని వేసి, ఎవరూ వాడని సంస్కృత సమాసాలను కుప్పపోయడం మన ప్రభుత్వాలకు పరిపాటి. అటువంటి పదకోశాలు అటకెక్కాయే గాని పనిలోకి దిగలేదు. లైన్‌మన్ నోట దశాబ్దాలుగా నలిగిన ఎల్‌సి అన్న మాటను తొలగించి మరొకటి పెట్టబోవడం ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే. పదం ఏ భాషదన్నది కాదు ముఖ్యం, దాని అర్థాన్ని కార్మికునికి అతని భాషలో విప్పి చెప్పారా లేదా అన్నదే ముఖ్యం. పదం ఇంగ్లీషుదైనా కావచ్చు, దానిని నేర్పే భాష మాత్రం మాతృభాష కావాలి.

కర్తవ్యం

చేయవలసినవి అసాధ్యాలు కావు. ప్రాణాలతో ముడిపడిన ప్రతి వృత్తిలోనూ తప్పనిసరి మాటలు వందా రెండు వందలకు మించవు. వాటిని గుర్తించి, ఒక్కొక్క దానికి ఒకే అర్థాన్ని స్థిరపరచి, ఆ అర్థాన్ని అక్కడ పనిచేసే వారందరి భాషలలో అచ్చువేసి అందజేయాలి. ఆదేశం విన్నవారు తిరిగి చెప్పడాన్ని మర్యాదగా కాక విధిగా మార్చాలి, ఆ విధిని పై అధికారులే మొదట పాటించాలి. కొత్త ఉత్తర్వు జారీ చేసేముందు దానిని అమలు చేయవలసిన పదిమంది చేత చదివించి, ఏమి అర్థమైందో చెప్పించుకోవాలి. పదిమంది పది విధాలుగా చెబితే తప్పు ఉత్తర్వుదే. రంగాపాని వద్ద వాడిన పత్రానికి ముందుగా ఇటువంటి పరీక్ష జరిగి ఉంటే, వేగం ఎంత అన్న ప్రశ్న పట్టాల మీద కాక బల్ల దగ్గరే తలెత్తేది.

శిక్షణ విషయంలో కాంట్రాక్టు కార్మికుని, శాశ్వత ఉద్యోగిని వేరుచేసి చూసే పద్ధతికి స్వస్తి చెప్పాలి. శిక్షణ జరిగిందని సంతకం తీసుకోవడంతో బాధ్యత తీరదు. ఏమి చేయాలో అతని నోట పలికించినప్పుడే తీరుతుంది. ప్రమాదం జరిగిన ప్రతిసారీ కింది ఉద్యోగిని సస్పెండ్ చేసి ఊరుకునే ఆనవాయితీ మాని, ఏ మాట ఎవరికి ఎలా అర్థమైందన్న కోణంలో విచారించి, ఆ వివరాలను తక్కిన చోట్లకు కూడా తెలియజేయాలి.

భాషాభిమానం మంచిదే. ఇంగ్లీషు నైపుణ్యమూ అవసరమే. కాని ఏ భాషాభిమానమూ, ఏ ఇంగ్లీషు చదువూ పనిలో మాటకు ఉండవలసిన కట్టుబాటుకు ప్రత్యామ్నాయం కాజాలవు. కిలోకు, పిన్ కోడ్‌కు దేశమంతటినీ ఒప్పించగలిగిన ప్రభుత్వాలకు, రైలు పట్టాల వద్దా రోగి మంచం వద్దా నాలుగు మాటలకు నిలకడైన అర్థం కల్పించడం శక్తికి మించిన పని కాదు. కొరవడినది శక్తి కాదు, శ్రద్ధ. మరో విచారణ సంఘం వచ్చి అదే మాట మళ్ళీ రాయవలసిన అగత్యం కలగకముందే ఆ శ్రద్ధ చూపడం పాలకుల, యాజమాన్యాల కనీస ధర్మం.